ఆంగ్ల నుడికారాలు – తెలుగు వివరణలు: చిత్తూరు సీమ ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798-1884) తన నిఘంటువులను మద్రాసులో అచ్చువేయించిన కాలం 1850ల తొలి సంవత్సరాలు. వాటిలో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మీద తెలుగు పరిశోధకుల దృష్టి నిలిచినంతగా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు మీద నిలవలేదు. మొదటిది తెలుగు పదాల గని కాబట్టి అది సహజమే. అయితే రెండో గ్రంథం ముఖపత్రం మీద బ్రౌన్ దాని ప్రయోజనాన్ని ఒక్క మాటలో ప్రకటించాడు. ఆంగ్ల నుడికారాలను, పదబంధాలను తెలుగులో వివరించే నిఘంటువు అది. సమానార్థకాలు ఇచ్చే నిఘంటువు అనలేదు, అనువదించే నిఘంటువు అనలేదు, వివరించేది అన్నాడు. ఒక భాషలోని నుడికారం మరొక భాషవారికి చేరడానికి వివరణ, సాటి నుడికారం, మక్కికి మక్కి అనువాదం, ఉన్న మాటను ఉన్నట్టే ఎత్తుకోవడం అనే దారులు ఉన్నాయి. గడచిన 170 సంవత్సరాలలో ఆంగ్ల నుడికారాలు ఈ దారులన్నిటిలోనూ తెలుగులోకి నడిచి వచ్చాయి. ఏ దారిన వచ్చిన నుడికారం ఏమైంది అన్నది ఇక్కడి పరిశీలనాంశం. పరిశీలనకు ఉమ్మడి చిత్తూరు జిల్లాను ఆధారంగా తీసుకోవడానికి కారణం ప్రాంతాభిమానం మాత్రమే కాదు. ఈ చరిత్రలోని ముఖ్యఘట్టాలలో కొన్ని ఈ నేల మీదే జరిగాయి. ఆంగ్లానికి ఏమాత్రం లొంగని ఒక నుడికార సముదాయం కూడా ఈ నేలలోనే పుట్టింది.

పరిభాష విషయం ముందుగా తేల్చుకోవాలి. ఆంగ్లంలో 'ఇడియమ్' అనే మాటకు మూలం గ్రీకు. 'తనదైనది, స్వకీయమైనది' అని దాని అర్థం. తెలుగులో నేడు స్థిరపడిన 'జాతీయం' అన్న మాట కూడా అదే భావాన్ని మోస్తుంది. దానికంటె పాతవైన 'నుడికారం', 'పలుకుబడి' అన్న మాటలలో సొంతదనం మీద కంటె పలికే తీరు మీద ఊనిక ఎక్కువ. సామెత నిండు వాక్యం, జాతీయం వాక్యంలో ఒదిగే ముక్క అన్న భేదం బోధనకు పనికివస్తుంది గాని వ్యవహారంలో ఆ గీత నిలవదు. 'అందని ద్రాక్ష పుల్లన' అన్నది సామెత. దాన్నే 'అందని ద్రాక్ష' అని కుదించగానే జాతీయమైపోతుంది. అందువల్ల ఈ వ్యాసంలో రెండూ కలిసే వస్తాయి.

బ్రౌన్ దారి

బ్రౌన్ 1820లో కడపలో ఉద్యోగంలో చేరాడు. నేడు మనం చిత్తూరు సీమగా గుర్తించే మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలు అప్పుడు కడప జిల్లాలోనివి. చిత్తూరు, చంద్రగిరి ప్రాంతాలు ఉత్తరార్కాటులోనివి. 1911 ఏప్రిల్‌లో ఈ రెండు తునకలు కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పరిచారు. కడప తెలుగు, ఆర్కాటు అరవం, మైసూరు కన్నడం ఒరుసుకొనే ఈ మూలలో మాట ఒక భాష నుంచి ఇంకొక భాషకు దాటడం నిత్యవ్యవహారం.

బ్రౌన్‌కు ముందు నిఘంటువులు లేకపోలేదు. ఎ.డి. క్యాంబెల్ నిఘంటువు 1821లో వచ్చింది. దానికి మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపిక ఆధారం. జె.సి. మోరిస్ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు 1830లలో వచ్చింది. ఇవి ప్రధానంగా పదానికి పదం చూపే గ్రంథాలు. బ్రౌన్ చేసిన మార్పు పాఠకుణ్ణి మార్చడం. క్యాంబెల్ పాఠకుడు తెలుగు నేర్చుకొనే దొర. బ్రౌన్ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ముఖపత్రం ఉద్దేశించిన పాఠకుడు ఇంగ్లీషు నేర్చుకొనే తెలుగువాడు. దొరకు ఆంగ్ల నుడికారాన్ని వివరించవలసిన పని లేదు కదా. కచేరీలో గుమాస్తాగా చేరదలచిన తెలుగు యువకుడికి ఒక్కొక్క మాట తెలిసినా రెండు మాటలు కలిసినప్పుడు అర్థం చేజారిపోతుంది. 'పుట్' తెలుసు, 'అప్' తెలుసు, 'విత్' తెలుసు, మూడూ కలిస్తే 'సహించు' ఎలా అయిందో తెలియదు.

ఈ చిక్కు తెలుగువాడికి కొత్తది కాదని గమనించాలి. తెలుగులో 'పెట్టు', 'కొట్టు', 'పడు', 'పోవు', 'వేయు' అన్న క్రియలు చేసే పని సరిగ్గా ఇదే. మొదలుపెట్టడంలో పెట్టేదేమీ లేదు. తెల్లబోవడంలో ఎక్కడికీ పోవడం లేదు. తెలుగు నేర్చుకొనే దొరను ఇవి ఎంత బాధించి ఉంటాయో బ్రౌన్‌కు స్వానుభవం. రెండు వైపుల బాధా తెలిసినవాడు కాబట్టి పదానికి పదం అతికే పద్ధతి నుడికారం దగ్గర చెల్లదని అతను గ్రహించాడు. వ్యవహారంలోని మిశ్రపదాలకు ప్రత్యేకంగా ఇంకొక నిఘంటువే కూర్చినవాడు శుద్ధభాష కోసం పట్టుబట్టడు. తెలుగులో ఆ సందర్భానికి ఏమంటారో అదే అతనికి కావాలి. 1895లో ఈ నిఘంటువు ఎం. వెంకటరత్నం పరిష్కరణతో మళ్ళీ వెలువడింది. దాని ఉపయోగం ఒక తరంతో తీరిపోలేదనడానికి అదే నిదర్శనం.

వివరణ ఎందుకు అవసరమో ఒక ఉదాహరణతో చూడవచ్చు. పోటీపరీక్షల పుస్తకాలలో ఆంగ్ల నుడికారాల పట్టికలు ఉంటాయి. 'కిక్ ద బకెట్' అన్నదానికి ఎదురుగా 'చనిపోవు' అని ఉంటుంది. ఇది తప్పు కాదు. కాని ఈ పలుకుబడి 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ కూర్చిన అశిష్టపదాల నిఘంటువులో చోటు చేసుకొన్నదనీ, అక్కడ మొదలుకొని నేటివరకు అది హాస్యానికో చులకనకో తప్ప వాడరాని మాట అనీ పట్టిక చెప్పదు. ఆ పట్టిక చదివిన అభ్యర్థి ఉద్యోగంలో చేరి సహోద్యోగి తండ్రి మరణానికి సంతాపలేఖ రాస్తూ దానిని వాడితే జరిగే అనర్థం ఊహించుకోవచ్చు. 'బకెట్' అంటే ఇక్కడ వధించిన పందిని వేలాడదీసే దూలమని ఒక వివరణ, ఉరి వేసుకొనేవాడు కాళ్ళ కింది నుంచి తన్నేసే బొక్కెన అని ఇంకొక వివరణ. రెండింటిలోనూ మర్యాద లేదు.

తెలుగులో చావును చెప్పే మాటలు ఎన్ని ఉన్నాయో, వాటికి ఎంత కచ్చితమైన తరగతులు ఉన్నాయో ఈ జిల్లాలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. శ్రీకాళహస్తి వైపు శివైక్యం చెందుతారు, తిరుమల వైపు పరమపదిస్తారు. పెద్దలు కన్నుమూస్తారు, కాలం చేస్తారు. గిట్టనివాడు గుటుక్కుమంటాడు, హరీమంటాడు, టపా కట్టేస్తాడు. ఈ చివరి వరుసలోకి 'బాల్చీ తన్నేయడం' కూడా వచ్చి చేరింది. అది ఆంగ్ల నుడికారానికి అనువాదమే. అనువదించినవారు ఎవరో తెలియదు గాని చెవి ఉన్నవారు. బకెట్టుకు 'బొక్కెన' అనకుండా 'బాల్చీ' అన్నారు. ఆ మాట హిందుస్తానీ ద్వారా వచ్చింది, దాని మూలం పోర్చుగీసు అని భాషావేత్తలు చెబుతారు. పోర్చుగీసు పాత్రను హిందుస్తానీ ఉచ్చారణలో ఆంగ్లేయుడి కాలితో తన్నించి తెలుగువాడు నవ్వుకొన్నాడు. పరీక్షల పట్టిక చెప్పలేకపోయిన చులకన భావం ఈ అనువాదంలో చెక్కుచెదరలేదు. దీన్ని సంతాపలేఖలో ఎవరూ రాయరు.

సాటి సామెత

1868లో కెప్టెన్ ఎం.డబ్ల్యు. కార్ తెలుగు సామెతలను సేకరించి 'ఆంధ్రలోకోక్తి చంద్రిక' పేరుతో ప్రచురించాడు. సేకరణగా దాని విలువ తిరుగులేనిది. తెలుగు సామెతకు ఆంగ్లానువాదం ఇచ్చి, వీలున్నచోట దానికి సరితూగే ఆంగ్ల, ఐరోపా సామెతను పక్కన చేర్చడం ఆ గ్రంథ పద్ధతి. పరాయి పాఠకుడికి అది సౌకర్యం. కాని ఆ పద్ధతి తెలుగు తరగతిగదిలోకి వచ్చేసరికి తలకిందులైంది. ఆంగ్ల సామెత ప్రశ్న అయింది, తెలుగు సామెత జవాబు అయింది. పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన రెండూ ఒకటే అన్న భ్రమ బలపడింది.

పందుల ముందు ముత్యాలు వేయవద్దన్న బైబిలు మాటకు 'పందికేం తెలుసు పన్నీరు వాసన' అన్నది సాటిగా చూపుతారు. రెండింటిలోనూ పంది ఉంది, విలువైన వస్తువు ఉంది, దాని విలువ తెలియకపోవడం ఉంది. అయినా మొదటిది ఇచ్చేవాడికి చెప్పిన హెచ్చరిక, రెండోది పుచ్చుకొనేవాడి మీద వేసిన పరిహాసం. మొదటిదానిలో తప్పు విసిరినవాడిది. రెండోదానిలో ఎవరి తప్పూ లేదు, పంది పందిగా ఉంది. 'మెరిసేదంతా బంగారం కాదు' అన్నది నేడు తెలుగు సామెతగానే చెలామణి అవుతున్నది. దాని పక్కన 'తెల్లనివన్నీ పాలు కావు, నల్లనివన్నీ నీళ్ళు కావు' అన్న తెలుగు సామెతను పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఆంగ్లం మోసపోవద్దని ఒకవైపే చెప్పింది. తెలుగు సామెత రెండో సగంలో నల్లగా ఉన్నదాన్ని తక్కువ చేయవద్దని కూడా చెప్పింది. సాటి సామెతగా జతపరచినప్పుడు రాలిపోయేది ఈ రెండో సగమే.

ఇదే సందర్భంలో ఒక జాగ్రత్త అవసరం. పోలిక కనిపించిన ప్రతిచోటా అరువు ఉందనుకోరాదు. 'నిప్పు లేనిదే పొగ రాదు' అన్నదానికి ఆంగ్లంలో అచ్చమైన సాటి ఉంది. అయినా పొగను బట్టి నిప్పును ఊహించడం న్యాయశాస్త్రంలో అనుమాన ప్రమాణానికి తొలి ఉదాహరణ. ఆంగ్లేయులు రాకముందే తర్కం చదువుకొన్న ప్రతి విద్యార్థీ ఆ కొండనూ ఆ పొగనూ చూశాడు.

మదనపల్లె దొర, మద్రాసు వాచకం

ఆర్కాటు మిషన్ తరఫున జేకబ్ చేంబర్లెన్ 1863లో మదనపల్లెలో స్థిరపడ్డాడు. వైద్యుడు, ప్రచారకుడు. తెలుగు బైబిలు సవరణ సంఘానికి చాలాకాలం అధ్యక్షుడు. చిత్తూరు సీమ తెలుగు మధ్య నివసించిన వ్యక్తి ఆ పనికి పెద్దగా ఉండడం సాహిత్యచరిత్రలలో తగినంతగా నమోదు కాని సంగతి. బైబిలు అనువాదకుడికి వివరణ ఇచ్చే స్వేచ్ఛ లేదు. అది పవిత్రగ్రంథం, మాటకు మాట దింపవలసిందే. అందువల్ల మక్కికి మక్కి అనువాదం ఒక పద్ధతిగా తెలుగు గద్యంలో పాదుకొన్న తొలిచోట్లలో ఇది ముఖ్యమైనది. ఆ మాటలలో చాలావాటికి మూలం హీబ్రూ, గ్రీకు భాషలే గాని ఆంగ్లం కాదు. ఆంగ్లేయులు తమ నుడికారాలనుకొనేవాటిలో కొంతభాగం వాళ్ళకూ అలా వచ్చినవే.

'కంటికి కన్ను, పంటికి పన్ను' అన్నది పత్రికలలో మతప్రసక్తి లేకుండా వినిపించే మాట. ఆంగ్లంలో లేని ప్రాస దీనికి తెలుగులో దొరికింది. మాట నిలవడానికి ఆ ప్రాస చాలు. గొర్రెతోలు కప్పుకొన్న తోడేలు మాత్రం అంత సుఖంగా ఇమడలేదు. 'మేకవన్నె పులి', 'గోముఖవ్యాఘ్రం' అప్పటికే ఆ చోట్లో కూర్చొని ఉన్నాయి. శేషాచలం అంచున మేకలు కాచుకొనేవారికి తోడేలు కంటె పులే దగ్గరి శత్రువు కావడం కూడా ఒక కారణం కావచ్చు.

పాఠశాల వాచకాల ద్వారా వచ్చినవి ఈసపు కథలలోని నుడికారాలు. వీటిలో జరిగిన చిన్న మార్పులు ఆసక్తికరం. బంగారుగుడ్లు పెట్టే పక్షి ఆంగ్లంలో 'గూస్'. దానికి సంస్కృత సంప్రదాయంలో దగ్గరి పక్షి హంస. బంగారు ఈకల హంస కథ బౌద్ధ జాతకాలలోనే ఉంది. అయినా తెలుగు అనువాదం హంసను వదిలి బాతును ఎంచుకొన్నది. తెలుగులో హంస పాలనూ నీళ్ళనూ వేరుచేసే వివేకి, సరస్వతి వాహనం. దాని కడుపు కోయించడం సాధ్యం కాదు. బాతును కోయవచ్చు. ద్రాక్ష సంగతి ఇంకా విచిత్రం. తెలుగు అలంకారికుల భాషలో ద్రాక్షాపాకం అంటే నోట వేసుకోగానే రసం ఊరే సులభ మధుర రచన. ఈసపు నక్క వచ్చి ఆ ద్రాక్షను పుల్లబరచింది. ఇప్పుడు తెలుగు విద్యార్థికి ద్రాక్ష అనగానే మొదట తోచేది పులుపు. ద్రాక్షాపాకం పరీక్షకు చదువుకోవలసిన మాట అయింది. 'సింహభాగం' అన్నది మరొకటి. ఈసపు కథలో సింహం మొత్తం వేటనూ తీసుకొంటుంది. ఆంగ్లంలో అది 'పెద్దవాటా'గా తగ్గింది. తెలుగులోకి వచ్చేసరికి సమాసంలో సంస్కృత గాంభీర్యం చేరి, దౌర్జన్యపు వాసన పూర్తిగా పోయింది. 'నిధులలో సింహభాగం రోడ్లకే' అని రాసే విలేకరి రోడ్లను నిందించడం లేదు.

ఐరోపా మధ్యయుగంలో మొసలి తాను తినే ప్రాణిని చూసి ఏడుస్తుందని నమ్మేవారు. షేక్‌స్పియర్ 'ఒథెల్లో'లో ఆ నమ్మకం కనిపిస్తుంది. తెలుగువాడి మొసలి ఏడ్చేది కాదు, పట్టేది. గజేంద్రమోక్షం విన్నవాడికి మొసలి అంటే వదలని పట్టు. అయినా 'మొసలి కన్నీరు' తెలుగులో నిలదొక్కుకొన్నది. దొంగ ఏడుపుకు అంత బొమ్మ కట్టే మాట ముందు లేకపోవడం దానికి కలిసివచ్చింది.

పత్రికల బల్ల మీద

దినపత్రికలు తీగవార్తలను రాత్రికి రాత్రి తెలుగు చేయవలసి వచ్చిన 20వ శతాబ్దిలో వివరణకు తీరిక లేకపోయింది. 1946 మార్చిలో అమెరికాలోని ఫుల్టన్‌లో చర్చిల్ చేసిన ప్రసంగంతో ప్రసిద్ధమైన 'ఐరన్ కర్టెన్' తెలుగులో 'ఇనుప తెర' అయింది. ఇది నేరుగా దిగిన మాట. అదే దశకంలోని 'కోల్డ్ వార్' మాత్రం అలా దిగలేదు. హిందీవారు 'శీత్ యుద్ధ్' అన్నారు. తెలుగు పత్రికలు 'ప్రచ్ఛన్న యుద్ధం' అన్నాయి. చల్లదనం పోయి మరుగు వచ్చింది. యుద్ధం చల్లగా ఉండడం తెలుగు చెవికి దీవెనలా వినిపించే ప్రమాదం ఉంది. 'చల్లగా ఉండు' అన్నది పెద్దల ఆశీర్వాదం కదా. బల్ల ముందు కూర్చున్న ఉపసంపాదకుడు తెలిసో తెలియకో బ్రౌన్ దారికి మళ్ళి, నుడికారాన్ని వదిలి భావాన్ని వివరించాడు.

అటువంటి జాగ్రత్త 'వైట్ ఎలిఫెంట్' దగ్గర లోపించింది. నచ్చని సామంతుడికి సయాం రాజు తెల్ల ఏనుగును బహూకరించేవాడనీ, దాన్ని పోషించలేక ఆ సామంతుడు చితికిపోయేవాడనీ ఆంగ్లంలో ఒక కథ ఉంది. అందువల్ల అక్కడ తెల్ల ఏనుగు అంటే మోయలేని సొమ్ము. తెలుగు కావ్యాలలో తెల్ల ఏనుగు ఒక్కటే, అది ఐరావతం. రాజు కీర్తి ఎంత తెల్లనిదో చెప్పడానికి కవులు పాలకడలితో, శరత్తు వెన్నెలతో పాటు దాన్నీ పిలిచేవారు. కీర్తికి ఉపమానమైన ఏనుగు నేడు నష్టాలలో మునిగిన సంస్థకు పేరు అయింది. పురాణంలో ఏనుగుకు సాయుజ్యం లభించి, ఆ ఏనుగు పేరు ఊరిపేరులో మిగిలిన శ్రీకాళహస్తి ఈ జిల్లాలోనే ఉంది. ఒక నుడికారం అరువు వచ్చిందా లేదా అని తేల్చడానికి ఇటువంటి ఘర్షణ మంచి గుర్తు. పాత కావ్యంలోని బొమ్మ, పత్రికలోని బొమ్మ ఒకదాన్నొకటి కొట్టుకొంటే రెండోది బయటినుంచి వచ్చిందనే అర్థం.

కొన్నిటిని పత్రికలు ముట్టుకోకుండా వదిలేశాయి. 'రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుబడ్డాడు' అన్నది తెలుగు పత్రికలలో తరచు కనిపించే వాక్యం. స్కాట్లండు న్యాయవ్యవహారంలో హంతకుడు చేతి నెత్తురు ఆరకముందే దొరకడం అన్న అర్థంలో పుట్టి, వాల్టర్ స్కాట్ రచనల ద్వారా ప్రాచుర్యం పొందిన మాట అది. తెలుగులో ఈ మాట దాదాపుగా లంచగొండి అధికారులకే కేటాయింపు అయింది. అవినీతి నిరోధక శాఖవారు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. లంచం పుచ్చుకొన్న చేతులను సోడియం కార్బొనేటు ద్రావణంలో ముంచితే ఆ నీళ్ళు గులాబీరంగుకు తిరుగుతాయి. ఆంగ్లంలో ఎప్పుడో రూపకంగా మారిపోయిన ఎరుపు ఇక్కడి కచేరీ గదులలో, గాజుసీసాలలో, పంచనామా కాగితాల మీద మళ్ళీ అక్షరాలా ఎరుపైంది. ఎత్తుకొచ్చిన మాటకు ఇంతటి సార్థకత అరుదు.

ఆంగ్లభావాన్ని తెలుగులో నిలపడానికి నుడికారపు అరువే అక్కరలేదని చూపినవారు ఈ జిల్లాలోనే ఉన్నారు. చిత్తూరు పక్కన కట్టమంచిలో 1880లో జన్మించిన కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదివారు, ఆంగ్లవక్తగా పేరు పొందారు. 1914 నాటి 'కవిత్వ తత్త్వ విచారము'లో పింగళి సూరనను పరిశీలించిన దృష్టి ఆంగ్ల విమర్శ నుంచి వచ్చింది. వాక్యం మాత్రం తెలుగు వాక్యం. ఆయన నిర్ణయాలతో విభేదించినవారు చాలామందే ఉన్నారు గాని ఆయన తెలుగు ఆంగ్లపు నీడ అని ఎవరూ అనలేరు. 1919లో రవీంద్రనాథ్ ఠాకూర్ మదనపల్లెలోని థియోసాఫికల్ కళాశాలలో కొన్నాళ్ళు బస చేసి, నేటి జాతీయగీతాన్ని తామే ఆంగ్లంలోకి తెచ్చి దానికి భారత ప్రభాతగీతమన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. వంగమూలానికి ఆ పేరు లేదు. ఆయనా మాటను కాక సందర్భాన్ని అనువదించారు.

కొండ కింది నుడికారం

ఆంగ్లం నుంచి తెలుగులోకి వచ్చిన రాకపోకలను చూశాక, ఎటూ కదలని మాటలను చూడడం అవసరం. తిరుపతి చుట్టుపక్కల 'కొండ' అంటే తిరుమలే. ఆ కొండ ఆచారాల నుంచి పుట్టిన జాతీయాలు తెలుగునేలంతా వ్యాపించాయి. వాటిలో ఎక్కువ భాగం మోసానికీ నష్టానికీ సంబంధించినవి కావడం పరిశోధకులు తప్పక ఆలోచించవలసిన విషయం. నామం పెట్టడం, పంగనామాలు పెట్టడం, శఠగోపం పెట్టడం, గోవిందా కొట్టడం, తిరుపతి క్షవరం చేయడం అన్నవి ఆ కోవలోవే.

నమ్మించి ఎగవేయడాన్ని ఆంగ్లం కన్నుతో ముడిపెడుతుంది. కళ్ళ మీదికి ఉన్ని లాగడం, కళ్ళకు ముసుగు తొడగడం అక్కడి పలుకుబళ్ళు. మోసపోయినవాడికి కనపడలేదు, అందువల్ల మోసపోయాడు. తెలుగు ఈ సందర్భంలో కంటిని వదిలి నుదుటినీ నడినెత్తినీ పట్టుకొన్నది. నామం నుదుట, శఠగోపం తల మీద. 'టోపీ పెట్టడం' కూడా ఈ వరుసలోనిదే. శఠగోపం అంటే భగవంతుని పాదుకలు గల కిరీటం. నమ్మాళ్వారు పేరైన శఠకోపుడి మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. దర్శనం అయ్యాక భక్తుడు తనంత తాను తల వంచుతాడు. అర్చకుడు దాన్ని తలకు తాకించి తీసేస్తాడు. భక్తుడికి మిగిలేది తాకిన అనుభూతి. అందులోని ఆధ్యాత్మికతను పక్కన పెట్టి బయటి రూపాన్ని మాత్రమే చూసిన ఏ చమత్కారికో ఇది అప్పు ఎగవేతలా కనిపించింది. అప్పిచ్చినవాడూ తనంత తానే తల వంచాడు, తలమీద ఏదో పెట్టినట్టే పెట్టి తీసేశారు, చేతిలో ఏమీ లేదు. ఆంగ్ల నుడికారంలో మోసపోయినవాడు గుడ్డివాడు. తెలుగు నుడికారంలో అతను భక్తుడు. కళ్ళు తెరుచుకొనే ఉన్నాయి, నమ్మకమే అతణ్ణి వంచింది. ఈ భేదాన్ని ఏ సమానార్థక పట్టికా పట్టుకోలేదు.

'డబ్బు గోవిందా' అన్నప్పుడు వినిపించేది యాత్రికుల నామస్మరణ. హుండీలో పడిన సొమ్ము తిరిగి రాదన్న ఎరుక అందులో ఉంది. శవయాత్రలో పలికే గోవిందనామం కూడా దానికి తోడై ఉండవచ్చు. రెండు చోట్లా పోయినది పోయినట్టే. అయితే ఈ మాటలో కసి లేదు. దేవుడి పేరుతో పోయింది కాబట్టి ఒక విధమైన సమాధానం కూడా ఉంది.

తిరుపతి క్షవరం కథ మరీ లౌకికమైనది. తలనీలాలు ఇచ్చే యాత్రికులు గుంపులుగా వచ్చినప్పుడు మంగలి ఒకరి తల మీద కత్తితో ఒక చార తీసి ఆపేస్తాడట. సగం గుండుతో ఆ యాత్రికుడు వేరే మంగలి దగ్గరికి పోలేడు. ఈలోగా ఇంకొకరి తల మీద ఇంకొక చార. అలా పదిమందిని కట్టిపడేసి తీరికగా పూర్తి చేస్తాడు. నేడు కల్యాణకట్టలో చీటీ పద్ధతి వచ్చాక ఆ అవస్థ లేదు, మాట మిగిలింది. ఆంగ్లంలో దీనికి 'హాఫ్ బేక్డ్' అన్నది సాటిగా చూపడం కద్దు. సగం ఉడికినదానిలో లోపం వంటకానిది. తిరుపతి క్షవరంలో లోపం నైపుణ్యానిది కాదు, అది ఎత్తుగడ. పది పనులు మొదలుపెట్టి ఏదీ వదిలిపెట్టకుండా, ఏదీ పూర్తి చేయకుండా ఉండే గుత్తేదారును ఈ ఒక్క మాట పట్టి ఇచ్చినట్టు ఆంగ్ల నుడికారం ఇవ్వలేదు.

2022 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి వేరు జిల్లా అయింది, మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరింది. బ్రౌన్ నాటి సరిహద్దులను ఇది కొంత గుర్తుకు తెస్తుంది. ఈ సీమ మాటను కథలలో నిలిపినవారిలో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ప్రముఖులు. ఆయన పుస్తకాలలో ఒకదాని పేరు 'పచ్చనాకు సాక్షిగా'. ఆ పేరే ఒక నుడికారం, పచ్చని ఆకును సాక్షిగా నిలిపి పెట్టుకొనే ఒట్టు. దాన్ని ఆంగ్లంలోకి తెచ్చేవారికి గుండె మీద శిలువ గీసుకొనే పలుకుబడి దొరుకుతుంది గాని అది పిల్లల మాట, పైగా ఒక మతపు గుర్తు. బైబిలు మీద ప్రమాణం దొరుకుతుంది గాని అది న్యాయస్థానపు మాట. పచ్చనాకు ఒట్టులో గ్రంథం లేదు, గుడి లేదు, అధికారి లేడు. చేతికి అందిన చెట్టు ఉంది, ఎదుట వినే మనిషి ఉన్నాడు. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ముఖపత్రం మీద బ్రౌన్ రాసుకొన్న పద్ధతినే తెలుగు-ఇంగ్లీషు దిశలో పాటిస్తే ఈ మాటకు సాటి పదం వెతకనక్కరలేదు. ఎవరు ఎప్పుడు ఈ ఒట్టు పెట్టుకొంటారు, దాన్ని తప్పితే ఊరు ఏమంటుంది అన్నది నాలుగు వాక్యాలలో రాస్తే సరిపోతుంది. పరమపదించడానికీ బాల్చీ తన్నేయడానికీ మధ్య ఉన్న మెట్లన్నిటికీ, శఠగోపానికీ, తిరుపతి క్షవరానికీ అటువంటి నాలుగేసి వాక్యాలు రాయవలసి ఉన్నది.